మాక్ షూ: కేజన్ల మొక్కజొన్న వంటకంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కేజన్లు (ఫ్రెంచి మూలాలున్న అక్కడి జనం) చేసుకునే మాక్ షూ గురించి హైదరాబాద్ వాళ్లకైనా హ్యూస్టన్ వాళ్లకైనా వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. క్రీమ్ వేయాలా వద్దా, ఫ్రోజెన్ గింజలు పనికొస్తాయా, మన మొక్కజొన్న పొత్తులతో అవుతుందా, అడుగంటితే ఏం చేయాలి? మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. వంట ఏ దశలో ఉంటే ఆ భాగం చదువుకుంటే చాలు, ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది. నేను గట్టిగా పట్టుబట్టేది మాత్రం ఒక్క విషయానికే: ఈ వంటకానికి చిక్కదనం బెండును (గింజలు కోసేశాక మిగిలే పొత్తు మధ్యభాగాన్ని) గీకితే వచ్చే పాల నుంచే రావాలి.

## మొదలుపెట్టే ముందు

మాక్ షూ అంటే ఏమిటి? కూరా, సూపా?

కూరకే దగ్గర. లేత మొక్కజొన్న గింజల్ని ఉల్లిపాయ, క్యాప్సికం, టమాటాలతో కలిపి, వెన్నలోనో బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం) కొవ్వులోనో సన్నని సెగ మీద మగ్గబెడతారు. గింజల్లోంచి వచ్చిన పాలే చిక్కబడి అన్నిటినీ కలిపి పట్టుకుంటాయి. గరిటెతో తీస్తే ముద్దగా జారాలి, పళ్లెంలో పులుసులా పారకూడదు. లూసియానాలో దీన్ని ఎక్కువగా చేపల వేపుడు, పోర్క్ చాప్స్ లాంటి వాటి పక్కన సైడ్ డిష్‌గా వడ్డిస్తారు. రొయ్యలో కోడిమాంసమో చేరితే అదే అసలు భోజనం అయిపోతుంది.

ఇది అసలు ఎవరి వంట? ఫ్రెంచివాళ్లదా?

పూర్తిగా ఫ్రెంచి వంట అనలేం. కేజన్ల పూర్వీకులు అకేడియన్లు. వాళ్లు 1600ల్లో ఫ్రాన్స్ నుంచి వెళ్లి, ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతంలో స్థిరపడ్డ రైతులు. 1755లో బ్రిటిష్ పాలకులు వాళ్లను ఊళ్లకు ఊళ్లుగా వెళ్లగొట్టారు. చెల్లాచెదురైన కుటుంబాల్లో కొన్ని 1760ల్లో లూసియానా చేరాయి. 1785లో ఏడు ఓడల్లో మరో పదహారు వందల మంది దాకా ఫ్రాన్స్ నుంచి వచ్చారు. అప్పటికి లూసియానా స్పెయిన్ ఏలుబడిలో ఉంది. అక్కడి వేడికి, తేమకు గోధుమ సరిగా పండదు. చిటిమాషా, అటాకపా, చోక్టా లాంటి స్థానిక తెగలు ఎంతో కాలంగా తింటున్న మొక్కజొన్నే కొత్తగా వచ్చినవాళ్లకూ తిండిగింజ అయింది. మాక్ షూ ఆ కలయికలో పుట్టిన వంటకమని, పేరు కూడా స్థానిక తెగల మాటకు ఫ్రెంచి ఉచ్చారణ అని ఎక్కువమంది నమ్ముతారు. లూసియానా దక్షిణాన 22 పారిష్‌లు (అక్కడ జిల్లాలను అలాగే అంటారు) కలిసిన ప్రాంతాన్ని 1971లో రాష్ట్ర శాసనసభ అకేడియానాగా గుర్తించింది. ఈ వంటకానికి సొంతూరు అదే.

కేజన్ వంట, క్రియోల్ వంట ఒకటేనా?

చుట్టాలే కానీ ఒకటి కాదు. క్రియోల్ వంట న్యూ ఆర్లీన్స్ నగరంలో ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికన్, కరీబియన్ చేతులు కలిసి పెరిగింది. కేజన్ వంట పల్లెలది. ఇంట్లో పండింది, వేటలో దొరికింది ఒకే ఇనుప కుండలో వండుకునే పద్ధతి. ఉల్లిపాయ, క్యాప్సికం, సెలరీ ఈ మూడూ రెండు వంటలకూ పునాది. టమాటా వాడకం క్రియోల్ వైపు ఎక్కువంటారు, అయినా మాక్ షూలో మాత్రం కేజన్ ఇళ్లలోనూ టమాటా పడుతుంది.

హోటళ్లలో ఇచ్చే క్రీమ్డ్ కార్న్ కూడా ఇదేనా?

కాదు. క్రీమ్డ్ కార్న్‌లో పాలు, క్రీమ్ ముందుంటాయి, కూరగాయలు సాధారణంగా ఉండవు. సకోటాష్ అనే ఇంకో అమెరికన్ వంటకంలో మొక్కజొన్నతో పాటు లైమా బీన్స్ తప్పనిసరి. మాక్ షూలో బీన్స్ ఉండవు, ఉల్లిపాయా క్యాప్సికమూ లేకుండా మాక్ షూ ఉండదు.

నలుగురైదుగురికి కొలతలు ఒక్కచోట చెప్పండి.

మధ్యరకం పొత్తులు ఆరు (గింజలు సుమారు నాలుగు కప్పులు వస్తాయి), వెన్న రెండు టేబుల్ స్పూన్లు, నూనె ఒక టేబుల్ స్పూన్, పెద్ద ఉల్లిపాయ ఒకటి, ఆకుపచ్చ క్యాప్సికం ఒకటి, సెలరీ కాడ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు రెండు, మధ్యరకం టమాటాలు రెండు, ఉప్పు ఒక టీస్పూన్, మిరియాల పొడి అర టీస్పూన్, కారం పావు నుంచి అర టీస్పూన్, గుప్పెడు ఉల్లికాడలు, అర కప్పు నీళ్లు.

వెన్న, నూనె వేడిచేసి ఉల్లిపాయ, క్యాప్సికం, సెలరీ ముక్కల్ని కొంచెం ఉప్పుతో ఎనిమిది పది నిమిషాలు మెత్తబడనివ్వాలి. వెల్లుల్లి వేసి ఒక నిమిషం తిప్పాలి. గింజలు, గీకిన పాలు వేసి అయిదు నిమిషాలయ్యాక టమాటా ముక్కలు, కారం, మిగతా ఉప్పు, నీళ్లు చేర్చి మూతపెట్టాలి. సన్నని సెగ మీద పదిహేను ఇరవై నిమిషాలు, మధ్యమధ్యలో అడుగు నుంచి కలుపుతూ మగ్గనివ్వాలి. దించేముందు మిరియాల పొడి, ఉల్లికాడలు చల్లాలి.

## బజారులో

ఎలాంటి పొత్తులు కొనాలి?

పాలు పట్టిన దశలో ఉన్నవి. పైన ఆకులు పచ్చగా, బిగుతుగా ఉండాలి. పీచు కొస గోధుమరంగుకు తిరిగి, లోపల ఇంకా తడిగా ఉండాలి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే కొస దగ్గర ఆకు కొంచెం తీసి ఒక గింజను గోటితో నొక్కండి. తెల్లటి పాలు చిమ్మితే అదే సరైన పొత్తు. నీళ్లలా వస్తే ఇంకా ముదరలేదు, ఏమీ రాక పిండిలా నలిగితే ముదిరిపోయింది. ఆకులు ముందే ఒలిచేసి ప్లాస్టిక్ చుట్టిన పొత్తుల్లో తేమ తొందరగా పోతుంది, వీలైతే వద్దు.

స్వీట్ కార్న్ కాకుండా మన మామూలు మక్కలతో చేయొచ్చా?

నిక్షేపంగా చేయొచ్చు, లేతవైతే. తెలంగాణలో మక్క గారెలకు ఎంచుకునే పొత్తులే దీనికీ కావాలి: గింజ నిండి, పాలు ఇంకా గట్టిపడకుండా ఉన్నవి. మామూలు మొక్కజొన్నలో చక్కెర తక్కువ, పిండి ఎక్కువ. అందువల్ల వంటకం ఇంకా బాగా చిక్కబడుతుంది, కానీ తీపి తగ్గుతుంది. ఒక టీస్పూన్ చక్కెర కలిపితే సరిపోతుంది. లూసియానాలోనూ గింజ తియ్యగా లేనప్పుడు చిటికెడు చక్కెర వేయడం మామూలే. నీళ్లు ఇంకో అర కప్పు, మగ్గడానికి ఇంకో పది నిమిషాలు పడతాయి. బండి మీద కాల్చి అమ్మే బాగా ముదురు పొత్తులు మాత్రం దీనికి పనికిరావు, ఎంత ఉడికించినా పైతోలు నోట్లో తగులుతూనే ఉంటుంది.

స్వీట్ కార్న్ బాగా తియ్యగా ఉంది కానీ కూర చిక్కబడటం లేదు. ఎందుకు?

ఇప్పుడు అమ్మే స్వీట్ కార్న్‌లో చాలా భాగం సూపర్ స్వీట్ రకాలు. వాటిలో చక్కెర చాలా ఎక్కువ, కోసిన తరువాత కూడా ఎక్కువ రోజులు తీపి నిలుస్తుంది, దుకాణాలు ఇష్టపడేది అందుకే. కానీ పాతకాలపు స్వీట్ కార్న్‌లో నోటికి వెన్నలా తగిలే ఒక రకం పిండిపదార్థం ఉంటుంది, సూపర్ స్వీట్‌లో అది బాగా తక్కువ. గింజ కరకరలాడుతుంది, పాలు పల్చగా వస్తాయి. అలాంటి పొత్తులే దొరికితే గింజల్లో మూడో వంతు మిక్సీలో తిప్పి కలపండి. అమెరికాలో ఉన్నవాళ్లు వేసవిలో రైతులు నేరుగా అమ్మే చోట ఏ రకమో అడిగి, పాతరకం ఉంటే అదే తీసుకోండి. నా లెక్కలో ఆ పది నిమిషాల వాకబు ఏ క్రీమ్ ప్యాకెట్ కంటే ఎక్కువ పనిచేస్తుంది.

ఫ్రోజెన్ గింజలతో చేస్తే బాగోదా?

బాగానే ఉంటుంది, పాల లోటు ఒక్కటి తీర్చాలి. ఫ్రోజెన్ గింజల్ని సాధారణంగా బెండు నుంచి గుండుగా కోస్తారు, గీకిన పాలు అందులో ఉండవు. 450 గ్రాముల ప్యాకెట్ కరగనిచ్చి, అందులో ఒక కప్పు గింజల్ని పావు కప్పు పాలతోనో నీళ్లతోనో మిక్సీలో మెత్తగా చేసి, మిగతా గింజలతో కలపండి. ఈ గింజలు ముందే కొంచెం ఉడికి ఉంటాయి కాబట్టి పది పన్నెండు నిమిషాలు మగ్గితే చాలు.

డబ్బాలో వచ్చే స్వీట్ కార్న్?

చివరి దారి. నీళ్లు వంపేసి ఒకసారి కడగండి, ఉప్పు సగానికి తగ్గించండి. ఏడెనిమిది నిమిషాల కంటే ఎక్కువ వండొద్దు.

పొత్తులు కొని రెండు రోజులైంది. పాడైనట్టేనా?

పాడవవు, తీపి తగ్గుతుంది. పొత్తు విరిచిన క్షణం నుంచి గింజలో చక్కెర పిండిగా మారుతూ ఉంటుంది, ఎండల్లో గది ఉష్ణోగ్రత దగ్గర ఈ మార్పు చాలా వేగం. అందుకే ఆకులు తీయకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. రెండు రోజులైన పొత్తులకు అర టీస్పూన్ చక్కెర, రెండు మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు అదనంగా వేస్తే వంటకం చక్కగా కుదురుతుంది.

సెలరీ దొరకలేదు. మానేస్తే తప్పా?

తప్పేం లేదు. చాలా కేజన్ ఇళ్లలో మాక్ షూకి ఉల్లిపాయ, క్యాప్సికం మాత్రమే వేస్తారు. సెలరీ బదులు కొత్తిమీర కాడలు వేస్తే వాసన పూర్తిగా మన కూరవైపు వెళ్లిపోతుంది, అది కావాలనుకుంటేనే వేయండి.

ఆకుపచ్చ క్యాప్సికమే వేయాలా?

ఆకుపచ్చదాని చిరుచేదు మొక్కజొన్న తీపిని అదుపులో ఉంచుతుంది, కాబట్టి సగమైనా అదే ఉండాలి. మిగతా సగం రంగు కోసం ఎర్రది వేసుకోవచ్చు.

## గింజలు కోసేటప్పుడు

గింజల్ని చేత్తో ఒలిచేస్తే సరిపోదా? కత్తి ఎందుకు?

చేత్తో ఒలిస్తే గింజ మొదలంటా ఊడి వస్తుంది, పాలన్నీ తోలు లోపలే ఉండిపోతాయి. గుడాలు ఉడికించుకోవడానికి అది మంచి పద్ధతి. మాక్ షూకి గింజ తెగాలి, పాలు బయటికి రావాలి. ఒలిచిన గింజలతోనే చేయాల్సి వస్తే సగం గింజల్ని రోట్లో కచ్చాపచ్చాగా దంచుకోండి, లేదా మిక్సీలో ఒక్కసారి తిప్పి ఆపండి.

పాలు గీకడం అంటే ఎలా? విడమరిచి చెప్పండి.

వెడల్పాటి పళ్లెం లేదా బేసిన్ తీసుకుని, పొత్తును అందులో ఏటవాలుగా నిలబెట్టండి. పదునైన కత్తితో పైనుంచి కిందికి మూడుసార్లు పనిచేయాలి. మొదటిసారి గింజ పైసగం మాత్రమే తెగేలా పల్చగా కోయండి. రెండోసారి అదే వరుస మీద ఇంకొంచెం లోతుగా, బెండు తగలకుండా కోయండి. ఇక కత్తిని తిప్పి పట్టుకుని, మొద్దుగా ఉన్న వెనక అంచుతో బెండును గట్టిగా అదుముతూ గీకండి. తెల్లగా, ముద్దగా వచ్చేదే పాలు. పదునువైపుతో గీకితే బెండు పొట్టు కూడా ఊడి వస్తుంది, తినేటప్పుడు గరుగ్గా తగులుతుంది.

ఒక్కో పొత్తుకు ఒకట్రెండు స్పూన్ల కంటే ఎక్కువ రాదు. కొంచెమేగా అని వదిలేయకండి. గింజ మొదట్లో ఉండే పాలమొలక, పిండి, కమ్మదనం అన్నీ ఆ ముద్దలోనే ఉంటాయి. మొక్కజొన్న పిండిపదార్థం 62 నుంచి 72 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, గిన్నెలో ఉడుకు మొదలయ్యేసరికే పులుసు చిక్కబడటం అందుకే. మైదా, కార్న్‌ఫ్లోర్ కలపాల్సిన అవసరం రాకపోవడానికి కారణం కూడా ఇదే.

కత్తి అంటే భయం. వేరే దారి ఉందా?

కొబ్బరి కోరే తురుముపీట లేదా పెద్ద రంధ్రాల గ్రేటర్ మీద మూడు పొత్తుల్ని తురమండి, మిగతా మూడింటి గింజల్ని చేత్తో ఒలవండి. పాలు తురుము నుంచి వస్తాయి, నమలడానికి గింజలూ ఉంటాయి.

గీకేసిన బెండ్లు పారేయడమేనా?

పారేయొద్దు. రెండుగా విరిచి, మునిగేన్ని నీళ్లలో అరగంట మరిగించి వడకట్టండి. ఆ నీళ్లకు మంచి మొక్కజొన్న వాసన పడుతుంది. మాక్ షూలో మామూలు నీళ్ల బదులు అవే పోయండి, మిగిలితే సూప్‌లోకి వాడుకోండి.

## పొయ్యి మీద

క్రీమ్ వేయాలా వద్దా? ఒక్కో వీడియోలో ఒక్కోలా చెబుతున్నారు.

రెండు పద్ధతులూ లూసియానాలో ఉన్నాయి. రెస్టారెంట్లలో క్రీమ్ వేయడం ఎక్కువ, నున్నగా కనిపిస్తుంది, ఎలాంటి మొక్కజొన్నతోనైనా ఒకే ఫలితం వస్తుంది. పల్లె ఇళ్లలో చాలామంది వేయరు. నా మాట అడిగితే, మంచి పొత్తులు దొరికిన రోజున వేయకండి. క్రీమ్ పడితే మొక్కజొన్న వాసన మెత్తబడిపోతుంది, రెండో ముద్దకే మొహం మొత్తుతుంది. ఫ్రోజెన్ గింజలతో చేసిన రోజు పావు కప్పు వేసుకోండి, బాగుంటుంది. దించడానికి రెండు నిమిషాల ముందు, సెగ బాగా తగ్గించి కలపాలి.

వెన్న వాడాలా, నూనె వాడాలా? బేకన్ కొవ్వు తప్పనిసరా?

తప్పనిసరి కాదు. పాతకాలంలో పందికొవ్వు, బేకన్ వేయించగా కరిగిన కొవ్వు ఇంట్లో ఎప్పుడూ ఉండేవి కాబట్టి వాడారు. ఆ పొగవాసన వంటకానికి లోతు ఇస్తుంది, నిజమే. వెన్న ఒక్కటే వేస్తే సెగ ఎక్కువైనప్పుడు మాడుతుంది, కొంచెం నూనె కలిపితే కూరగాయలు నెమ్మదిగా మగ్గేదాకా తట్టుకుంటుంది. నెయ్యి వేస్తే రుచి బాగుంటుంది కానీ వాసన మొక్కజొన్నను కప్పేస్తుంది, ఒక స్పూన్ మించొద్దు.

ఉల్లిపాయలు ఎర్రగా వేయించాలా?

వద్దు. అద్దంలా మెరిసి, చెంచాతో నొక్కితే నలిగేంత మెత్తబడితే చాలు. ఎర్రబడితే తీపి ఇంకా పెరుగుతుంది, పసుపుపచ్చగా ఉండాల్సిన వంటకం గోధుమరంగుకు తిరుగుతుంది.

టమాటా ముందు వేయాలా, తరువాతా?

గింజలు అయిదు నిమిషాలు మగ్గాక వేయండి. పులుపు తగిలితే కూరగాయలు, గింజలు మెత్తబడటం ఆలస్యమవుతుంది. లేత స్వీట్ కార్న్‌కు పెద్ద తేడా తెలియదు. మామూలు మొక్కజొన్నకు మాత్రం బాగా తెలుస్తుంది, గింజలు దాదాపు ఉడికాకే టమాటా వేయాలి. మన నాటు టమాటాలు పుల్లగా ఉంటే ఒకటి తగ్గించండి. టమాటా అసలు వేయనివాళ్లూ ఉన్నారు.

ఎంతసేపు వండాలి?

లేత స్వీట్ కార్న్‌కు గింజలు వేసినప్పటి నుంచి ఇరవై పాతిక నిమిషాలు. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే, ఆ గీత ఒక్క క్షణం నిలిచి తరువాత మూసుకోవాలి. ఆ స్థితిలో దించేయండి, చల్లారేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. కొన్ని ఇళ్లలో మూతపెట్టి చాలాసేపు మగ్గబెడతారు, గింజ దాదాపు కరిగిపోతుంది. ఆ రుచి వేరు, అన్నంలోకి అదే బాగుంటుంది.

ఏ గిన్నెలో చేయాలి? ఇనుప మూకుడు పనికొస్తుందా?

అడుగు మందంగా ఉన్నది ఏదైనా. కేజన్ ఇళ్లలో పోత ఇనుప కుండలు వాడతారు, వేడి సమంగా పట్టి నిలుపుతాయి. బాగా వాడి నూనె పట్టిన ఇనుప మూకుడులో నిశ్చింతగా చేయొచ్చు. కొత్త ఇనుప పాత్ర అయితే టమాటా పులుపుకు ఇనుము వాసన వస్తుంది, రంగూ మారుతుంది. వండాక వేరే గిన్నెలోకి తీసేయండి. పల్చటి అల్యూమినియం గిన్నెలో మొక్కజొన్న చక్కెర తొందరగా అడుగంటుతుంది.

కేజన్ మసాలా లేదు. కారంపొడితో సర్దుకోవచ్చా?

సర్దుకోవచ్చు. దుకాణాల్లో అమ్మే కేజన్ మసాలాలో ఉండేవి ప్రధానంగా ఉప్పు, ఎర్ర కారం, మిరియాలు, వెల్లుల్లి పొడి. ఇవన్నీ మన వంటింట్లో ఉన్నవే. అక్కడ వాడే కయాన్ కారం, మన గుంటూరు కారం ఘాటులో దాదాపు సమానం, కాబట్టి కొలత మార్చక్కర్లేదు. రెడీమేడ్ మసాలా వాడితే అందులో ఉప్పు చాలా ఉంటుందని గుర్తుంచుకుని, విడిగా ఉప్పు వేయకుండా మొదలుపెట్టండి. బల్ల మీద వేసుకోవడానికి లూసియానాలో చిల్లీ సాస్ సీసా ఉంటుంది. 1868 నుంచి టబాస్కో అనే చిల్లీ సాస్ తయారవుతున్న ఏవరీ ఐలండ్ కూడా కేజన్ ప్రాంతంలోనే ఉంది. నాలుగు చుక్కల వెనిగర్ పులుపు ఈ తీపి వంటకాన్ని లేపి నిలబెడుతుంది. సీసా లేకపోతే కొంచెం నిమ్మరసం పిండుకోండి.

పోపు పెట్టి, పసుపు, గరం మసాలా వేస్తే?

తినడానికి బాగుండొచ్చు కానీ అది మొక్కజొన్న మసాలా కూర అవుతుంది. మాక్ షూలో మిరియాలు, కారం తప్ప వేరే దినుసులు ముందుకు రాకూడదు. మొదటిసారైనా దాని పద్ధతిలోనే చేసి, ఆ రుచి తెలుసుకున్నాక మీ ఇష్టం.

ప్రెషర్ కుక్కర్‌లో పెట్టేయొచ్చా?

లేత పొత్తులకు వద్దు, పిండి అడుగుకు చేరి మాడుతుంది. ముదురు గింజలే ఉంటే, వాటిని మాత్రం నీళ్లలో రెండు మూడు విజిల్స్ ఉడికించి, తరువాత మూకుట్లో మిగతా పని చేయండి.

## తేడా కొడితే

పల్చగా నీళ్లలా ఉంది. కార్న్‌ఫ్లోర్ కలపనా?

కలపొద్దు, జిగటగా తయారవుతుంది. గిన్నెలోంచే ఒక కప్పు గింజలు తీసి, చల్లారాక మిక్సీలో తిప్పి మళ్లీ పోయండి. మూత తీసి అయిదు నిమిషాలు ఉడికిస్తే సరైన చిక్కదనం వస్తుంది.

అడుగంటింది. మొత్తం పోయినట్టేనా?

అడుగున లేత గోధుమరంగు పొర కట్టితే అది నష్టం కాదు, రుచి. రెండు స్పూన్ల నీళ్లు చల్లి, చెక్క గరిటెతో గీకి లోపలికి కలిపేయండి. నల్లబడి మాడువాసన వస్తుంటే మాత్రం గీకకండి. సెగ ఆపి, పైన ఉన్నదాన్ని కదపకుండా మెల్లగా వేరే గిన్నెలోకి వంపి, అందులో వంట కొనసాగించండి.

మరీ తియ్యగా వచ్చింది, పిల్లలు తప్ప ఎవరూ తినడం లేదు.

మిరియాల పొడి పెంచండి, ఒక టీస్పూన్ నిమ్మరసం లేదా వెనిగర్ వేయండి, ఉప్పు సరిచూడండి. సన్నగా తరిగిన పచ్చి ఉల్లికాడలు ఇంకొన్ని చల్లితే ఘాటు పైకి వస్తుంది. ఈసారి చేసేటప్పుడు ఆకుపచ్చ క్యాప్సికం ఇంకొకటి వేయండి.

క్రీమ్ వేయగానే విరిగినట్టయింది. ఎందుకు?

టమాటా పులుపు, ఎక్కువ వేడి, తక్కువ కొవ్వు ఈ మూడూ కలిస్తే విరుగుతుంది. అమెరికాలో దొరికే హెవీ క్రీమ్‌లో కనీసం 36 శాతం కొవ్వు ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. మన దగ్గర ప్యాకెట్లలో వచ్చే ఫ్రెష్ క్రీమ్‌లో చాలావాటికి కొవ్వు 25 శాతం లోపే. దాన్ని పొయ్యి ఆపేశాకే కలపాలి. విరిగినా తినడానికి ప్రమాదం లేదు, చూపుకే తేడా.

## మార్పులు, చేర్పులు

మేం మాంసం తినం. రుచి తగ్గుతుందా?

తగ్గదు. వెన్నతో చేసే శాకాహార మాక్ షూ లూసియానాలోనే ఉంది. పొగవాసన కావాలంటే అర టీస్పూన్ స్మోక్డ్ పాప్రికా (పొగబెట్టిన ఎర్ర మిరప పొడి) వేయండి, లేదా ఒక పొత్తును నిప్పుల మీద కాల్చి ఆ గింజల్ని కలపండి. రెండోది నాకు ఎక్కువ ఇష్టం. వెన్న కూడా వద్దనుకుంటే వేరుశనగ నూనెతో చేయొచ్చు, చిక్కదనం ఎటూ మొక్కజొన్న పాలదే.

రొయ్యలు ఎప్పుడు వేయాలి?

వంట పూర్తయ్యే ముందు. శుభ్రం చేసి ఉప్పు, కారం పట్టించిన పావుకిలో చిన్న రొయ్యల్ని చివరి నాలుగు నిమిషాల్లో వేసి మూతపెట్టండి. రంగు మారి మెలిక తిరగగానే దించేయాలి, ఇంకా ఉంచితే రబ్బరులా సాగుతాయి. లూసియానాలో ఇలాగే క్రాఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి) తోకలు వేస్తారు. అక్కడి వరిమళ్లలో వరి కోతలయ్యాక క్రాఫిష్ పెంచడం పెద్ద వ్యవసాయం, కోస్తా జిల్లాల్లో చేపల చెరువులు, రొయ్యల చెరువులు చూసినవాళ్లకు ఆ పొలాలు కొత్తగా అనిపించవు.

టాస్సో, ఆండూయి అని రాస్తారు. అవేమిటి?

టాస్సో అంటే మసాలా దట్టంగా పట్టించి పొగబెట్టిన పంది భుజం మాంసం. ఆండూయి పొగబెట్టిన ముతక సాసేజ్. రెండింట్లో ఏదైనా వంద గ్రాములు చిన్న ముక్కలు చేసి, ఉల్లిపాయల కంటే ముందే వేయించి ఆ కొవ్వులోనే వంట సాగించాలి. పంది మాంసం తినని ఇళ్లలో పొగబెట్టిన చికెన్ సాసేజ్ వాడుకోవచ్చు. ఉప్పు చివర్లో చూసి వేయండి.

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

దీన్ని కూరగా లెక్కవేయకుండా అన్నం, రొట్టెల పక్కన లెక్కవేయాలి. అర కప్పు ఉడికిన మొక్కజొన్నలో సుమారు 15 గ్రాముల కార్బోహైడ్రేట్లు ఉంటాయి. పళ్లెంలో ఇది ఉన్న పూట అన్నం ఆ మేరకు తగ్గించి, చేపనో పప్పునో పెంచుకోండి. చక్కెర విడిగా వేయొద్దు. మోతాదు గురించి మీ డాక్టర్ చెప్పిందే పాటించండి.

గోధుమ పడనివాళ్లకు?

ఇంట్లో చేసినదాంట్లో గోధుమ, మైదా ఉండవు. రెడీమేడ్ మసాలా, సాసేజ్ వాడితే మాత్రం లేబుల్ చదవండి.

## వడ్డన, నిల్వ

దేనితో తినాలి?

అక్కడ వేయించిన క్యాట్‌ఫిష్, కాల్చిన చికెన్, పోర్క్ చాప్స్ పక్కన పెడతారు. అన్నం మీద వేసుకుని తినేవాళ్లూ ఉన్నారు, అది నైరుతి లూసియానా వరి పండించే నేల. క్రౌలీ అనే ఊళ్లో 1937 నుంచి వరి పండగ చేస్తున్నారు. మన ఇంట్లో అయితే వేడి అన్నం, కారంగా చేసిన చేపల వేపుడు, మాక్ షూ ఈ మూడూ ఒక పళ్లెంలో ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. చపాతీలోకి కావాలంటే కొంచెం గట్టిగా దించండి. పప్పు, సాంబారుల పక్కన పెడితే దీని తీపి నిలవదు.

పండగకు ముందురోజే చేసి పెట్టుకోవచ్చా?

చేసుకోవచ్చు, రాత్రి గడిస్తే రుచులు ఇంకా బాగా కలుస్తాయి. ఉల్లికాడలు, క్రీమ్ మాత్రం వేయకుండా ఉంచండి. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. వేడిచేసేటప్పుడు గట్టిగా ముద్దకట్టి ఉంటుంది. రెండు మూడు స్పూన్ల పాలు లేదా నీళ్లు చల్లి, సన్నని సెగ మీద కలుపుతూ వదులు చేయండి.

సీజన్‌లో పొత్తులు ఎక్కువ కొని ఏడాదంతా వాడుకోవాలంటే?

వండిన మాక్ షూ ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు బాగుంటుంది. అంతకంటే మంచిది గింజల్నే దాచుకోవడం. ఆకులు తీసిన పొత్తుల్ని మరుగుతున్న నీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో పూర్తిగా చల్లార్చండి. ఆ తరువాత గింజలు కోసి, బెండును గీకి, గింజలూ పాలూ కలిపి సంచుల్లో పల్చగా పరిచి ఫ్రీజ్ చేయండి. ఈ నాలుగు నిమిషాల వేడి రంగును, రుచిని పాడుచేసే ఎంజైముల్ని ఆపుతుంది. ఒక్కో సంచిలో నాలుగు కప్పులు పెట్టుకుంటే ఒక పూట వంటకు సరిగ్గా సరిపోతుంది.

కొంచెం మిగిలింది. దాంతో ఏం చేయొచ్చు?

గిలకొట్టిన గుడ్లలో కలిపి ఆమ్లెట్ వేయండి. కార్న్‌బ్రెడ్ పిండిలో ఒక కప్పు కలిపినా బాగుంటుంది. రెండూ కుదరకపోతే కొంచెం బియ్యప్పిండి, పచ్చిమిర్చి ముక్కలు చేర్చి, పెనం మీద చిన్న చిన్న అట్లుగా రెండువైపులా ఎర్రగా కాల్చండి. మాక్ షూలో తడి ఎక్కువ కాబట్టి బియ్యప్పిండి ముందు రెండు స్పూన్లతో మొదలుపెట్టి, ముద్ద చేతికి నిలిచేదాకా కొంచెం కొంచెంగా పెంచండి.